సీనాలో బల్గం, చాటలో తంబాకు



మన ఇళ్లల్లో దగ్గుకు మొదటి దవాఖానా బావర్చిఖానాయే. బిడ్డ రాత్రి రెండుసార్లు గట్టిగా దగ్గితే చాలు, తెల్లారేసరికి స్టవ్ మీద గిన్నెలో అద్రక్ మరుగుతూ ఉంటుంది. నాలుగు కాలీమిర్చ్, చిటికెడు హల్దీ, ఒక గుడ్ ముక్క. పక్కన పెనం మీద అజ్వాయిన్ వేగుతుంటే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ తుమ్ములు. వేగిన అజ్వాయిన్‌ని మల్‌మల్ గుడ్డలో మూటగట్టి సీనాకు కాపడం పెడతారు. లస్సన్ వేసి కాచిన నువ్వుల నూనె అరికాళ్లకు రాస్తారు. నిజామాబాద్‌లో అయినా, బోధన్‌లో అయినా, ఆర్మూర్‌లో అయినా తరీకా కొద్దిగా మారుతుందేమో గానీ సామాను ఇదే. పక్కింటి అమ్మ దీన్నే అల్లం, మిరియాలు, వాము, ఎల్లిగడ్డ అంటుంది. అంతే ఫరక్.

ఈ నుస్ఖాల మీద నా రాయ్ రాయాలని చాలా రోజులుగా ఉంది. వీటిని పాతకాలపు జహాలత్ అని కొట్టిపారేసే చదువుకున్న పిల్లలతో నాకు పేచీ ఉంది. వీటితోనే అన్ని మర్జులూ పోతాయనే పెద్దవాళ్లతోనూ పేచీ ఉంది. రెండో పేచీ పెద్దది. ఎందుకో చెప్పడానికి బీడీల చాట దాకా పోవాలి, కాస్త సబర్ చేయండి.

ముందు నుస్ఖాల తరఫున మాట్లాడతాను.

కారం తింటే ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇది మనందరికీ తెలుసు. ఘాటు పదార్థం నోట్లో, గొంతులో నరాలను గిచ్చితే ఒళ్లు నీళ్లు వదులుతుంది. ముక్కుతో పాటు లోపల శ్వాసనాళాల్లో కూడా పలచటి తడి ఊరుతుంది. గట్టిగా అంటుకుపోయిన బల్గం కాస్త వదులవుతుంది. దగ్గితే పైకి వస్తుంది. వేడి వేడిగా గుటక గుటక తాగడం వల్ల గొంతుకు సుకూన్. అద్రక్‌లో ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. అద్రక్‌ని ఎండబెట్టి సోంఠ్ చేస్తే అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. మా నానీకి ఈ పేర్లేవీ తెలియవు. పచ్చి అద్రక్ గొంతుకు, సోంఠ్ సీనాకు అని మాత్రం వేరుగా వాడేది. బోధన్ చుట్టుపక్కల చెరకు కోతల రోజుల్లో కొత్త గుడ్ వస్తే, అందులో సోంఠ్, మిరియాల పొడి కలిపి చిన్న చిన్న ఉండలు చేసి సీసాలో పెట్టేది. దగ్గు రాకపోయినా దగ్గి చూపించి ఆ ఉండలు తిన్నవాళ్లం మేము.

లస్సన్ సంగతి ఇంకా దిల్‌చస్ప్. పాయను ముట్టకుండా ఉంచితే వాసన అంతగా ఉండదు. దంచితేనే లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు, ఆ వాసన అదే. దంచకుండా నేరుగా ఉడికిస్తే ఆ పని జరగదు, వాసన చచ్చిపోతుంది. పచ్చి లస్సన్, పచ్చి ప్యాజ్ తిని మస్జిద్‌కు రావద్దన్న హిదాయత్ మనకు తెలుసు కదా. తినాలనుకుంటే బాగా ఉడికించి వాసన చంపి తినమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన మాట కూడా సహీహ్ ముస్లింలో ఉంది. కెమిస్ట్రీ పుస్తకం చెప్పేదీ ఇదే.

అజ్వాయిన్‌లో థైమాల్ ఉంటుంది. నీలగిరి తైలంలో సినియోల్ ఉంటుంది. ఈ ఘాటు నూనెల బలం మీదే మన హైదరాబాద్‌లో ఒక చిన్న సీసా వందేళ్లు బతికింది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ గురించే చెబుతున్నాను. నీలగిరి తైలం, కాఫూర్, మెంథాల్, థైమాల్ కలిసిన ఎర్రటి నీళ్ల మందు. డబ్బా మీద హబ్షీ సిపాయి బొమ్మ. తెలంగాణలో ఆ సీసా లేని ముస్లిం ఇల్లు నేను తక్కువ చూశాను. హిందువుల ఇళ్లల్లోనూ అంతే.

ఇంకో మొక్క పేరు చెప్పకపోతే బేఇన్సాఫీ అవుతుంది. అడూసా. తెలుగులో అడ్డసరం అంటారు. ఇది ఘాటు కాదు, చేదు. హకీంలు, వైద్యులు వందల ఏళ్లుగా దగ్గుకు వాడిన ఆకు. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. దాని తర్వాత ఆంబ్రోక్సాల్. మెడికల్ షాపులో మీరు కొనే బల్గం సిరప్ సీసాను తిప్పి చూడండి, చాలాసార్లు ఈ రెంటిలో ఒకటి కనిపిస్తుంది. దాదీ ఆకును చూసి నవ్వే కాలేజీ పిల్లలు ఆ సీసా మీద పేరు ఒకసారి చదవాలి.

యునానీ తిబ్‌లో బల్గం నాలుగు అఖ్లాత్‌లలో ఒకటి. దాని మిజాజ్ చల్లన, తడి. అందుకని దానికి వేడి, పొడి మిజాజ్ ఉన్న దవా అంటారు, ఘాటు వస్తువులు అక్కడ సరిపోతాయి. కానీ మన హకీం సాబ్‌లు ఒట్టి ఘాటుతో సరిపెట్టలేదు. జోషాందా పొట్లం విప్పి చూడండి. ఉన్నాబ్, సపిస్తాన్, ములేఠీ, ఖత్మీ, గుల్-ఎ-బనఫ్షా. వీటిలో నాలుక మండించేది ఒక్కటీ లేదు. జిగురుగా, తియ్యగా గొంతును తడిపేవి. గోకేసినట్లుండే పొడి దగ్గుకు అద్రక్ మీద అద్రక్, మిర్చ్ మీద మిర్చ్ పోస్తే గొంతు ఇంకా మండుతుంది. ఈ తమీజ్ వాట్సాప్ హకీంలకు లేదు.

మరో మాట. దగ్గు సిరప్‌ల మీద గుడ్డి నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఖబర్లు చూసే ఉంటారు. 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారా వైపు ఇరవైమందికి పైగా పిల్లలు కల్తీ సిరప్ తాగి గుర్దాలు చెడి చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే జహర్ కలిసింది. ఒక జుకాం మందులో ఆ మాసూములకు మౌత్ ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దని మన సర్కారే 2023 డిసెంబర్‌లో చెప్పింది. మామూలు జుకాం వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. అలాంటప్పుడు ఏడాది దాటిన బిడ్డకు పడుకునేముందు చిన్న చంచా శహద్ సిరప్ కన్నా మేలు. ఇది నానీ మాట, డాక్టర్ల పరిశోధన కూడా ఇదే వైపు ఉంది.

ఇంత వరకు నుస్ఖాల వకాలత్. ఇక పేచీ.

ఘాటు ఇచ్చేది ఆరామ్. దాన్ని మనం షిఫా అనుకుంటాం. మెంథాల్‌నే తీసుకోండి. బామ్ వాసన పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్లు ఉంటుంది. నిజానికి లోపల దారి పెద్దగా వెడల్పు కాదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను మెంథాల్ తట్టిలేపుతుంది కాబట్టి గాలి బాగా ఆడుతున్నట్లు మనకు అనిపిస్తుంది. అనిపించడమూ మంచిదే, నిద్ర పడుతుంది. అయితే 2021 ఏప్రిల్, మేలో ఏం జరిగిందో గుర్తుందా? కాఫూర్, లవంగ్, అజ్వాయిన్, నీలగిరి నూనె కలిపి పోట్లీ కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని మెసేజ్ ఊరూరా తిరిగింది. పోట్లీ వల్ల ఆక్సిజన్ పెరగదు. మనిషికి గాలి బాగా అందుతున్నట్లు అనిపిస్తుంటుంది, వేలికి పెట్టిన మెషీన్‌లో నంబర్ పడిపోతూ ఉంటుంది. ఆ రోజుల్లో ఆ అనిపించడమే ఖతర్నాక్.

కలోంజీ గురించి కూడా కొంచెం. మౌత్ తప్ప ప్రతి మర్జుకూ అందులో షిఫా ఉందన్న హదీస్ మన పిల్లలకు కూడా తెలుసు. దాని మీద నాకు ఏ షక్ లేదు. కానీ ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలో ఉలమా ఏనాడో చర్చించారు. ఇబ్నె ఖయ్యిం ఏడొందల ఏళ్ల కిందటే దాన్ని చల్లని మిజాజ్ మర్జులకు మేలైన దవాగా వివరించారు. కలోంజీ తిని ఇన్సులిన్ మానేయమని, టీబీ గోళీలు మానేయమని ఆయనగానీ ఇంకే ఆలిమ్‌గానీ చెప్పలేదు. ప్రతి మర్జుకూ అల్లాహ్ దవా దింపాడన్నదీ హదీసే. మరి దవాఖానాలో ఉన్న దవా ఎవరు దింపారంటారు?

పసిబిడ్డల దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. కాఫూర్ చిన్న పలుకు నోట్లో పడినా పసివాళ్లకు నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. నీలగిరి నూనె కడుపులోకి పోవడమూ అంతే ప్రమాదం. కాఫూర్, మెంథాల్ ఉన్న బామ్ రెండేళ్లలోపు బిడ్డ ముక్కు దగ్గర, పెదవి మీద రాయకండి, ఆ ఘాటుకు ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది. దంచిన పచ్చి లస్సన్ సీనా మీద కట్టు కడితే లేత చర్మం కాలినట్లు బొబ్బలెక్కుతుంది. మరుగుతున్న నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని దుప్పటి కప్పి కూర్చోబెట్టడం వద్దే వద్దు, ఒక్కసారి గిన్నె ఒలికితే జుకాం సంగతి మర్చిపోయి కాలిన గాయాల వార్డుకు పరుగెత్తాలి. ఏడాది నిండని బిడ్డకు శహద్ వద్దు. అందులో ఉండగల బీజాలు ఆ లేత కడుపులో బొటులిజం అనే మర్జును తెచ్చే జహర్ తయారు చేయగలవు. తహ్‌నీక్ మాటేమిటని అడుగుతారు. మన నబీ (స) చేసింది ఖజూర్‌తో. ఖజూర్ ఉండగా శహద్ సీసా తీయాల్సిన అవసరం ఏముంది?

దగ్గుతున్న బిడ్డకు కాఢా పెట్టాలా, దవాఖానాకు పోవాలా అని తేల్చుకోవడానికి ఒక సాదా లెక్క ఉంది. బిడ్డ ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు కుర్తా పైకెత్తి, ఫోన్‌లో గడియారం పెట్టి, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా అది నిమోనియా కావచ్చు. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంటపడుతున్నా, పాలు పట్టకపోయినా, బిడ్డ సోలిపోతున్నా లెక్క కూడా అక్కర్లేదు. ఆటో పిలవండి. కాఢా తర్వాత. దుఆ చదివి దమ్ చేయాలనుకుంటే ఆటోలో కూర్చుని చేయండి.

ఇంట్లో పెద్దవాళ్లకు రెండే రెండు మాటలు. బీపీ ఉంటే ములేఠీ రోజూ తాగొద్దు, అది బీపీ పెంచుతుంది. షుగర్ ఉంటే గుడ్, శహద్, తియ్యటి జోషాందా పొడి అన్నీ షుగరే. షక్కర్‌నగర్ వాళ్లకు ఇది చెప్పాల్సి రావడం వింతే.

ఇప్పుడు చాట దగ్గరికి వద్దాం.

షక్కర్‌నగర్ కార్ఖానా 1937లో నిజాం హయాంలో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లు. 2015 చివర్లో మూతపడింది. నాకు తెలిసిన చాలా ఇళ్లల్లో మగవాడి జీతం ఆగిపోయాక చూల్హా ఆరిపోకుండా చూసింది ఇంటి ఆడవాళ్ల బీడీలే. కార్ఖానా నడిచిన రోజుల్లో కూడా బీడీలు ఉన్నాయనుకోండి. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి వైపు ఏ గరీబ్ మొహల్లాలోకైనా పోండి. గడప దగ్గర ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం. అమ్మీ చుట్టుతుంటుంది, బిడ్డ కట్టలు కడుతుంటుంది. ఇందులో హిందూ ముసల్మాన్ ఫరక్ ఏమీ లేదు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఫ్యాన్ వేస్తే తంబాకు ఎగిరిపోతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఫ్యాన్ బంద్. అదే గదిలో వంట, అదే గదిలో ఉయ్యాల. రోజంతా ఆ సన్నటి దుమ్ము ముక్కులోకి, సీనాలోకి పోతూనే ఉంటుంది. బీడీ ఒక్కటి కూడా తాగని ఆడమనిషి ఒంట్లోకి వేళ్ల గుండా నికోటిన్ పోతుంది.

ఆ ఇళ్లల్లో దగ్గు అంటే ఎవరూ తల కూడా ఎత్తరు. "తంబాకు ఖాసీ, అందరికీ ఉంటుంది" అంటారు. అద్రక్ కాఢా ఒక గ్లాసు, మళ్లీ చాట. కాఢా తాగితే గంటో రెండు గంటలో ఆరామ్. మళ్లీ దగ్గు. మళ్లీ కాఢా. ఇలా నెలలు గడిచిపోతాయి. నేను పెద్ద పేచీ అన్నది ఇదే. ఘాటు పనిచేయకపోతే ఆమె దవాఖానాకు పోయేది. కాస్త పనిచేస్తుంది కాబట్టే పోదు.

మా దూరపు చుట్టం ఒక ఆపా ఉన్నారు, బోధన్‌లో. రజబ్‌లో మొదలైన దగ్గు రంజాన్ ఈద్ దాటినా తగ్గలేదు. సాయంత్రమైతే సన్నటి బుఖార్, ఒళ్లు తేలిపోయి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రోజాల వల్ల సన్నబడ్డానంది. లస్సన్ నూనె, సోంఠ్ గుడ్, కలోంజీ, తావీజ్ అన్నీ అయ్యాయి. దవాఖానాకు పొమ్మంటే ఆమె చెప్పిన కారణాలు వినండి. ఒక పూట పోతే మూడు నాలుగు వందల బీడీలు తక్కువ పడతాయి. తోడు రావడానికి మియాకు కూలి పోతుంది. ఈ రెండూ పైకి చెప్పినవి. మూడోది చాలా సేపటి తర్వాత, ఇంకెవరూ లేనప్పుడు చెప్పింది: "ఇంట్లో జవాన్ బిడ్డ ఉంది. టీబీ అని పేరు పడితే రిష్తా వస్తుందా?"

ఆ బిడ్డే చివరికి అమ్మీ బల్గం డబ్బీ పట్టుకుని సర్కారీ దవాఖానాకు పోయింది. టీబీ అని తేలింది. ఆరు నెలలు గోళీలు మింగింది, అల్‌హందులిల్లాహ్ బాగుంది. ఆ బిడ్డ నికాహ్ కూడా అయింది. నేను పోయి బిర్యానీ తిని వచ్చాను.

ప్రపంచంలోని టీబీలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉంది. గాలి ఆడని ఇరుకు గదిలో ఒకరు దగ్గుతుంటే ఇంట్లో మిగతావాళ్లకు, ముఖ్యంగా పసివాళ్లకు అది అంటుకుంటుంది. రిష్తా భయంతో దాచిన మర్జ్ ఆ రిష్తా బిడ్డకే చేరవచ్చు. గోళీలు మొదలుపెట్టి క్రమం తప్పకుండా మింగితే కొద్ది వారాల్లో అంటించే గుణం చాలావరకు తగ్గిపోతుంది. అయితే రెండు నెలలకు ఒళ్లు బాగుపడగానే గోళీలు మానేసి మళ్లీ కాఢాకు వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లకు తిరిగొచ్చే టీబీ మొండిది, మామూలు గోళీలకు లొంగకపోవచ్చు.

మస్జిద్ కమిటీ పెద్దలను ఒక్కటి అడుగుతాను. జుమా రోజు చందా ఏలాన్‌కు, కమిటీ ఏలాన్‌కు మైక్ ఉంటుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు బల్గం టెస్ట్ చేయించుకోండి, సర్కారీ దవాఖానాలో ముఫ్త్ అని ఒక్క ముక్క ఆ మైక్‌లో చెప్పడానికి అర నిమిషం చాలు. ఆడవాళ్లు మస్జిద్‌కు రారు కదా అంటారు. వాళ్ల మియాలు, కొడుకులు, తమ్ముళ్లు వస్తారు. ఆ అర నిమిషం వాళ్ల కోసమే. జమాత్‌లో నలుగురి మధ్య ఇమాం సాబ్ నోటి నుంచి టీబీ అనే మాట మామూలుగా వినిపిస్తే, దాని చుట్టూ ఉన్న షరమ్ కాస్త వదులవుతుంది. బీడీల ఠేకేదార్లకు కూడా ఒక మాట: ఒక పూట దవాఖానాకు పోయిన ఆడమనిషికి మర్నాడు ఆకు తగ్గించకండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం బుఖార్, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, బల్గంలో ఖూన్. వీటిలో ఏది ఉన్నా బోధన్‌లో, నిజామాబాద్‌లో సర్కారీ దవాఖానాకు పోండి, ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో అడిగినా దారి చెబుతారు. టెస్ట్‌కు పైసా లేదు, గోళీలకు పైసా లేదు. పైగా ఇలాజ్ నడిచినన్ని నెలలు మంచి ఖురాక్ కోసం సర్కార్ బ్యాంకు ఖాతాలో పైసలు వేస్తుంది. మొదట నెలకు 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు.

బల్గం ఇచ్చేటప్పుడు చాలామంది ఉమ్మి ఇచ్చి వస్తారు, దానిలో ఏమీ తేలదు. పొద్దున ఫజ్ర్‌కు లేచాక సీనా లోపలి నుంచి వచ్చే బల్గం కావాలి. ముందు ఒట్టి నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయట నిలబడి, రెండు మూడుసార్లు లోతుగా ఊపిరి తీసి, గట్టిగా దగ్గి డబ్బీలో వేయాలి. మూత గట్టిగా పెట్టి ఆ పూటే ఇవ్వాలి. రాత్రి పడుకునేముందు వేడిగా ఒక గ్లాసు అద్రక్ కాఢా తాగమని మా ఆపాలకు చెబుతుంటాను. తెల్లారి బల్గం సులువుగా వస్తుంది.